మా ఊరి చెరువులకు నేను గీసిన పటం

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీలో రెండు రోజుల వర్క్‌షాపు ఒకటి పెట్టారు. దేశ రక్షణలో కొత్త టెక్నాలజీల గురించి. నోటీసు బోర్డు దగ్గర సివిల్ వాళ్లం ఎవరమూ ఆగలేదు. రాడార్లూ క్షిపణులూ ఎలక్ట్రానిక్స్ వాళ్ల సంగతి అనుకున్నాం. తీరా చూస్తే రెండో రోజంతా ఉపగ్రహ చిత్రాలు చదవడం మీద ప్రాక్టికల్ ఉందనీ, సర్వేయింగ్ చదివినవాళ్లు తప్పకుండా రావాలనీ మా మాస్టారు క్లాసులో చెప్పారు. బ్యానర్లు కట్టి, కుర్చీలు మోసినవాళ్లకు ఫీజు అక్కర్లేదన్నారు. నేనూ నా రూమ్మేటూ అలా చేరాం.

మేమిద్దరం తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు వెనక గదిలో ఉండేవాళ్లం. ఆరేసిన చొక్కాల మీద ఊక బూడిద పడేది. దులిపి తొడుక్కోవడం అలవాటైపోయింది. వాడిది ఏలూరు. వాళ్ల నాన్నగారికి బజారులో ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు ఉండేది. మాది కొల్లేరులో ఒక లంక ఊరు. వానాకాలం వస్తే బస్సు ఎక్కడానికి కూడా దోనె ఎక్కాలి. మా నాన్న, ఊరంతటికీ ఉమ్మడిగా ఉన్న చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. అందరిలాగే ఆయనకూ అందులో ఒక వాటా. నా చదువు ఆ వాటా మీదే నడిచింది.

మొదటి రోజు చీకట్లో చూసే కళ్లద్దాల గురించి ఒకాయనా, గుండు తగిలినా పగలని హెల్మెట్ల గురించి ఇంకొకాయనా మాట్లాడారు. మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా హాల్లో అందరం నోటీసు కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నాం. అది రంజాన్ నెల. నా రూమ్మేటు రోజా ఉంటూనే మూడంతస్తులు కుర్చీలు మోశాడు. సాయంత్రానికి వాడి నోరు పిడచకట్టుకుపోయింది.

రెండో రోజు వచ్చినాయన సైన్యంలో ఉపగ్రహ చిత్రాలు చదివి చదివి రిటైరైన మనిషి. తెలుగువాడే. కుడి చెవి సరిగ్గా వినబడదని ముందే చెప్పి, ప్రశ్నలు అడిగేవాళ్లను ఎడమ పక్కకు రమ్మనేవారు. గట్టిగా మాట్లాడలేదు, గొప్పలు చెప్పుకోలేదు. ఎక్కడైనా ఒక శిబిరం దాచిపెడితే పైనుంచి దాన్ని ఎలా పట్టుకుంటారో చూపించారు.

"దేవుడు గీసినవన్నీ వంకర గీతలేనండీ. నదులు, కొండలు, ఏటి గట్ల మీద పెరిగిన తుప్పలు అన్నీ వంకరే. తిన్నటి గీత కనబడిందంటే అక్కడ మనిషి చెయ్యి పడినట్టే. ముందు తిన్నటి గీతలు వెతకండి," అన్నారు.

సరిహద్దుల చిత్రాలు విద్యార్థులకు ఇవ్వకూడదట. అందుకని మా జిల్లా చిత్రాలే తలా ఒకటి ఇచ్చి, మీద పరిచే పల్చటి ట్రేసింగ్ కాగితమూ, స్కెచ్ పెన్నులూ ఇచ్చారు. ఆ చిత్రాల్లో వరి చేలు ఎర్రగా ఉంటాయి, నీళ్లు నల్లగా ఉంటాయి. చాలామంది కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్నారు. నాకు మాత్రం ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. కింది భాగంలో నల్లటి గళ్లు గళ్లుగా ఉన్నది మా కొల్లేరు. ఆ గళ్లన్నీ చేపల చెరువులు. వాటి మధ్య గోరంత మచ్చ మా ఊరు.

ఒళ్లు జలదరించింది. పుట్టినప్పటినుంచి నడిచిన గట్లు. పడమటి గట్టు ఒకచోట వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గరే నాన్న కాపలా పాక. నేను పెన్ను తీసుకుని గట్లు గీయడం మొదలుపెట్టాను. ఏవి పాత చెరువులు, ఏవి ఈ మధ్య తవ్వినవి, ఏది ఊరిది, ఏది బయటివాళ్లు లీజుకు తీసుకున్నది, అన్నీ రంగులు మార్చి గుర్తుపెట్టాను. సర్కారు రికార్డు ప్రకారం సరస్సు హద్దు ఎక్కడిదాకా వస్తుందో అదీ ఉజ్జాయింపుగా గీశాను. మా ప్రాంతంలో పిల్లల్ని అడిగినా చెబుతారు, ఐదో కాంటూరు అని. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. ఆ గీత లోపల చెరువులు ఉండకూడదని చట్టం. మా ఊరి చెరువు లోపలే ఉంది.

ఆయన నా బల్ల దగ్గర ఆగి, వంగి చూశారు.

"ఇది కొత్త చెరువని ఎలా చెప్పావు? చిత్రంలో ఆ తేడా కనబడదే."

"మా నాన్న కాపలా కాసే చెరువు పక్కదేనండీ. పోయినేడు మా కళ్ల ముందే తవ్వారు."

ఆయన నవ్వారు. పక్కవాళ్లూ నవ్వారు. "చూశారా, శత్రువు ఊళ్లో మనవాడొకడు ఉంటే ఉపగ్రహం దేనికి!" అన్నారు. అప్పుడు నేనూ అందరితోపాటు నవ్వాను.

సాయంత్రం అందరి పటాలూ చూసి మొదటి బహుమతి నాకే ఇచ్చారు. స్టేజీ మీద నా పటాన్ని పట్టుకుని నిలబడితే ఫొటో తీశారు. కిందికి దిగుతుంటే ముందు వరసలో కూర్చున్న సఫారీ సూటు ఆయన ఒకరు పిలిచారు. ఏదో ఆఫీసు నుంచి వచ్చిన అతిథి. ఏ ఆఫీసో నాకు ఇప్పటికీ తెలియదు.

"చాలా బాగా చేశావు బాబూ. ఇది మా దగ్గర ఉంచుకోవచ్చా?"

"తప్పకుండానండీ," అన్నాను. అడక్కుండానే మూలన నా పేరూ, ఊరి పేరూ కూడా రాసి ఇచ్చాను.

వారం తర్వాత జిల్లా పేపర్లో నా ఫొటో వచ్చింది. నా చేతిలోని పటంలో గళ్లు కూడా స్పష్టంగా పడ్డాయి. రూమ్మేటు ఆ ముక్క కత్తిరించి ఏలూరు తీసుకెళ్తే, వాళ్ల నాన్నగారు దానికి సన్నటి బంగారు అంచు ఫ్రేము కట్టి పంపించారు. నేను ఇంటికి పట్టుకెళ్లిన రోజు నాన్న చేతులు లుంగీకి తుడుచుకుని మరీ అందుకున్నాడు. వీధి గదిలో, లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనబడేట్టు మేకు కొట్టాడు. ఆయనకు చదువు రాదు. అయినా వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. "మావాడు ఆకాశంలోంచి మన ఊరు చూసి గీశాడండీ. ఇదిగో, ఇది మన చెరువే."

మా పెదనాన్నను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. పెదనాన్న నాన్నకు పెదతండ్రి కొడుకు, ఊరి పెద్ద. ఆయన కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసి, నా భుజం తట్టి వెళ్లారు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలం, నా ఆఖరి ఏడాది పరీక్షలు అవుతుండగా, సరస్సు హద్దు లోపలున్న చెరువులన్నీ కొట్టేస్తారని కబురు వచ్చింది. అంతకుముందు కూడా అలాంటి కబుర్లు వచ్చి పోయినవే కనక మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా చెప్పారు. కోర్టు ఆర్డరు ఉంది, ఫలానా తేదీలోపు చేపలు పట్టేసుకోండి అని. కొల్లేరు మొత్తం ఒకేసారి వలలు వేసింది. అన్ని ఊళ్ల చేపలూ ఒకేసారి బజారుకొస్తే కొనేవాడెవడు? ఐసు దొరకలేదు, లారీలు దొరకలేదు. సగం ఎదిగిన బొచ్చె చేపలు గట్ల మీద కుప్పలుగా పడి ఉబ్బిపోయాయి. నేను పరీక్ష రాసి వెళ్లేసరికి ఊళ్లో అడుగుపెట్టక ముందే ఆ వాసన తగిలింది.

పొక్లెయిన్లు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పోలీసులు వరసగా నిలబడ్డారు. ఒక ఆఫీసరు జీపు బానెట్ మీద పెద్ద కాగితం పరిచాడు. అది ఎరుపూ నలుపూ రంగుల ఉపగ్రహ చిత్రం, మీద చెరువుల గళ్లు గీసి ఉన్నాయి. దాన్ని చూసి వేలు చూపిస్తుంటే యంత్రం అటు కదిలింది. ముందు పడమటి గట్టు తెగింది. నాన్న పాక నీళ్లలోకి జారింది. ఆయన గట్టు మీదే నిలబడి ఉన్నాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. ఏడవలేదు. నీళ్లు ఏ వైపు పారుతున్నాయో చూస్తున్నాడు.

గుంపులో ఎవరో అన్నారు, "ఆ కాగితం ఎక్కడో చూసినట్టుంది కదండీ."

అంతే. చాలామంది తలలు నావైపు తిరిగాయి.

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాలుకు రమ్మని పిలిచారు. నాన్నా నేనూ వెళ్లాం. మా గోడ మీది ఫ్రేము ఎప్పుడు తీసుకెళ్లారో, పెద్దల ముందు నేల మీద పెట్టి ఉంది. పెదనాన్న మధ్యలో కూర్చున్నారు.

"ఏరా అబ్బాయ్, ఇది నువ్వు గీసిందేనా?"

"అవును పెదనాన్నా."

"గీసింది ఎవరికిచ్చావు?"

"ఒక ఆఫీసరు గారు అడిగితే ఇచ్చానండీ. అది మిలిటరీవాళ్ల క్లాసు. దీనికీ దానికీ సంబంధం..."

"సంబంధం ఉందో లేదో మేం అడగలేదు. ఇచ్చావా లేదా?"

"ఇచ్చాను."

హాల్లో గొణుగుడు మొదలైంది. ఒకాయన లేచి, "మన అన్నం తిని మన చెరువు చూపించాడండీ వీడు," అన్నాడు. ఇంకొకరు నా చదువు ఊరి చెరువు మీదే సాగిందని గుర్తుచేశారు. నేను ఉపగ్రహాల గురించి, అవి పైనుంచి ఎవరూ చెప్పకపోయినా ఎలా చూస్తాయో చెప్పబోయాను.

అప్పుడు నాన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"అన్నయ్యా, వాడికేం తెలుసండీ. గూడెంలో ఉండి చదువుకునేవాడు. ఏది కొత్త చెరువో ఏది పాత చెరువో వాడికెలా తెలుస్తుంది? నేనే చెప్పాను. వాడు అడిగితే పక్కన కూర్చుని అన్నీ చెప్పింది నేనే. తప్పు నాది."

అది అబద్ధం. నాన్న నాకు ఏమీ చెప్పలేదు. అసలు ఆ వర్క్‌షాపు ఏమిటో కూడా ఆయనకు ఫొటో వచ్చాకే తెలిసింది. నేను లేచి, "కాదు" అనాలి. సగం లేచాను. నాన్న వెనక్కి తిరక్కుండానే అరచేయి కిందికి ఊపాడు, కూర్చో అన్నట్టు. నేను కూర్చున్నాను. ఇన్నేళ్లయినా నన్ను తినేది ఆ పటం కాదు. అలా కూర్చోవడం.

మమ్మల్ని వెలివేశారు. ఊళ్లో ఎవరూ మాతో మాట్లాడకూడదు. కొట్లో సరుకు ఇవ్వరు. వలకు పిలవరు. చెరువు పోయినా సరస్సులో వేట ఉంది, ఆ వేటలో మాకు చోటు లేదు. మిగిలిన పరీక్షలకు నేను గూడెం తిరిగి వెళ్లిపోయాను గనక ఆ రోజులన్నీ అనుభవించింది అమ్మా నాన్నే. అమ్మ బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు వెళ్తే ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారట. అమ్మ నింపుకుని వచ్చేదాకా ఎవరూ మాట్లాడేవారు కారట. "తిట్టినా బాగుండేదిరా," అంది ఒకసారి ఫోన్లో.

రెండు నెలలు అలా ఉండి, ఇక ఉండలేక ఏలూరుకు అవతల పెదవేగి వెళ్లిపోయారు. అక్కడ పామాయిల్ తోటల్లో పని దొరికింది. ఆ తోట చూపించింది నా రూమ్మేటు వాళ్ల నాన్నగారే. తన షాపుకు వచ్చే ఒక రైతుతో మాట్లాడి, తోటలో రేకుల షెడ్డు ఇప్పించారు. సామాను ఆటోలో వేసుకుని వెళ్తూ నాన్న ఆ షాపు దగ్గర దిగి ఆయనకు దండం పెడితే, ఆయన ఆ చేతులు పట్టుకుని, "ఫ్రేము కట్టింది నేనే కదండీ," అన్నారట. తన తప్పు కూడా అందులో ఉందని ఆయన నమ్మారు.

నీళ్ల మీద బతికిన మనిషికి తోటపని ఏం తెలుసు? పొడవాటి గడకు కట్టిన కొడవలితో గెలలు కోయాలి. ముందు మట్టలు నరకాలి. మట్ట మొదట్లో ముళ్లుంటాయి, సూదుల్లా. నాన్న చేతులు వారానికే చీరుకుపోయాయి. నేను డిగ్రీ పూర్తిచేసి, రోడ్ల సర్వే చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేవాణ్ణి. ఆయన షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని ఉండేవాడు. చుట్టూ ఎటు చూసినా చెట్లే. "దూరం కనబడదురా ఇక్కడ," అనేవాడు. ఇంకే ఫిర్యాదూ చేయలేదు.

మూడో ఏడు నాన్న కాలిలో ముల్లు దిగింది. లెక్కచేయలేదు. ఆయనకు షుగరు ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. కాలు నల్లబడ్డాక ఏలూరు తీసుకొచ్చాం. మోకాలి కిందికి తీసేశారు. అయినా విషం పైకి పాకింది. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. ఒక మధ్యాహ్నం అమ్మ టిఫిను క్యారేజీ కడగడానికి వెళ్లినప్పుడు నేను మంచం పక్కన కూర్చుని, "ఇదంతా నా వల్లే నాన్నా," అన్నాను.

"ఊరుకోరా. ఎవరైనా వింటారు," అన్నాడు.

మళ్లీ ఆ మాట ఎత్తడానికి మాకు వీలు దొరకలేదు. మూడు రోజులకు పోయాడు. ఊరికి కబురు పంపాం. ఒక్కరూ రాలేదు. నా రూమ్మేటూ, వాళ్ల నాన్నగారూ, తోట రైతూ, నేనూ పాడె మోశాం.

ఆ తర్వాత ఏడాదికి ఉద్యోగం పని మీద ఒక మనిషి పరిచయమయ్యాడు. పాత సర్వేయరు. మాటల్లో మా ప్రాంతం పేరు వస్తే, ఆ గట్లు కొట్టే పనిలో తాను పటాలు మోసినవాణ్ణని చెప్పాడు. ఆ పటాలు ఎక్కడివండీ అని అడిగాను.

"అవి ఎన్నో ఏళ్లుగా తయారవుతున్నవి బాబూ. పెద్ద ఆఫీసుల్లో కొలిచి, లెక్కకట్టి, కోర్టుకు ఇచ్చినవి. ప్రతి చెరువుకూ నంబరు ఉంది. మీ ఊరివి కూడా అందులోనే ఉన్నాయి."

"కాలేజీ పిల్లలు గీసినవి ఏమైనా వాడారా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పిల్లలు గీసినవా? కోర్టులో అవెవరు చూస్తారు?"

ఆ మరుసటి రోజే సెలవు పెట్టి ఊరు వెళ్లాను. నాలుగేళ్ల తర్వాత. నాన్న చేయలేదనీ, నేనూ చేయలేదనీ చెప్పాలి. ఆ హాల్లోనే నిలబడి అందరి ముందూ చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. పెదనాన్న ఇంటి అరుగు మీద ఉన్నారు. బాగా పెద్దవారైపోయారు. నన్ను గుర్తుపట్టి, "రా రా నాన్నా," అన్నారు, ఏమీ జరగనట్టే. నేను నిలబడే అంతా చెప్పాను. సర్వేయరు చెప్పిన ప్రతి మాటా చెప్పాను.

ఆయన తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ విన్నారు.

"ఆ సంగతి మాకప్పుడే తెలుసురా," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నీ కాగితం కంటే ముందే నోటీసులు వచ్చాయి. అవి నా పెట్టెలోనే ఉండేవి. జనానికి చెప్పలేదు. ఎప్పట్లాగే పోతుందిలే అనుకున్నాం. తీరా చెరువు పోయాక ఊరు ఊరంతా మా మీద పడేది. మీరు ముందే ఎందుకు చెప్పలేదని చంపేసేవారు. కుర్రాళ్లు కత్తులు పట్టుకుని తిరుగుతున్నారు అప్పుడు. ఎవరో ఒకరు కావాలి. మీ నాన్న నోరున్నవాడు కాదు. పైగా తనే లేచి ఒప్పేసుకున్నాడు. మేం ఇంక ఏం చేస్తాం?"

"మీకు తెలిసీ..."

"తెలిసే. తప్పే. కాదనను." కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే ఏడ్చారు. "మీ అమ్మను తీసుకురా. ఇల్లు అలాగే ఉంది. నేనే బాగు చేయిస్తాను. నేనుండగా ఎవరూ ఒక్క మాట అనరు."

నేను తిట్టలేదు, అరవలేదు. ఇంతలో పెద్దమ్మ లోపలినుంచి వచ్చి, "ఎంత చిక్కిపోయావురా, కాళ్లు కడుక్కో," అని నీళ్లు ఇచ్చింది. కడుక్కున్నాను. పీట వేసింది. కూర్చున్నాను. చేపల పులుసు వేసింది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. చెయ్యి దానంతటదే కలిపింది.

సాయంత్రానికి పెదవేగి చేరాను. అమ్మ తోటలో రాలిన పామాయిల్ పళ్లు ఏరుతోంది. నాన్న పోయాక ఆ పని చేస్తోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఏరుతూనే వింది. నోటీసుల మాట దగ్గర ఆగింది.

"ఎందుకు చేశారని గట్టిగా అడిగావా?"

"అడగలేకపోయానమ్మా."

"మీ నాన్న పోయినప్పుడు ఎందుకు రాలేదని?"

"లేదు."

మళ్లీ పళ్లు ఏరసాగింది. "అన్నం పెట్టారా?"

"పెట్టారు."

"తిన్నావా?"

"తిన్నాను."

అమ్మ గంప ఎత్తుకుని లేచింది. షెడ్డు దాకా నా ముందు నడిచింది. రాత్రి నాకు అన్నం వడ్డించి, తను తినకుండా పడుకుంది. పొద్దున నేను బయల్దేరేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆ తర్వాత నెల రోజులు నా ఫోను ఎత్తలేదు. ఎత్తిన రోజున ఆరోగ్యం ఎలా ఉంది, వానలు పడుతున్నాయా అని మాత్రమే అడిగింది. ఊరి మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెదనాన్న రెండుసార్లు మనిషిని పంపారు. అమ్మ ఆ మనిషికి మంచినీళ్లిచ్చి, రానని చెప్పి పంపేసింది.